వాలుగ, జెల్ల, మార్పు: మీసాల చేపల పేర్లు – చారిత్రక పరిశీలన

వరంగల్లు చేపల అంగడిలో వాలుగ అడిగినవారికి జెల్ల తూచి ఇస్తే బేరం అక్కడే చెడుతుంది. అదే పొరపాటు పదపట్టికలో జరిగితే ఎవరూ అడగరు. వాలుగ, జెల్ల, మార్పు అనే మూడింటికీ ఎదురుగా ‘క్యాట్‌ఫిష్’ అని రాసి ముందుకు సాగుతాం. మూడింటికీ మీసాలుంటాయి, పొలుసులుండవు. పోలిక చాలావరకు అంతే. వాలుగ నోరు కంటిని దాటి వెనక్కి చీలి ఉంటుంది, వీపు రెక్క చాలా చిన్నది. జెల్లకు వీపు రెక్కలోనూ, మొప్పల వెనుక రెక్కల్లోనూ గట్టి ముళ్ళుంటాయి. మార్పు వీపు రెక్క తల వెనుక నుండి దాదాపు తోక వరకు సాగుతుంది. గాలి పీల్చే అదనపు అవయవం ఉన్నందువల్ల అది నీరు తగ్గిన బురదలోనూ బతుకుతుంది.

ఈ పేర్ల లిఖితచరిత్రలో ముఖ్యమైన ఘట్టం విశాఖపట్నానిది. ఈస్టిండియా కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుడు పాట్రిక్ రసెల్ అక్కడ సేకరించిన రెండువందల చేపల వివరణలు, చిత్రాలు 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. స్థానికంగా విన్న తెలుగు పేర్లను ఆయన అందులో నమోదు చేశాడు. ఆ ‘వాలగూ’ మాటనే 1851లో బ్లీకర్ ప్రజాతి నామంగా గ్రహించాడు. నేటి శాస్త్రనామం వల్లాగో అట్టులో ఉన్నది మన వాలుగే.

‘నల్ల జెల్ల’ ప్రయాణం ఇంత సూటిగా లేదు. 1840లో వాలెన్సియెన్ ఒక సముద్రపు చేపకు పెట్టిన ‘నెల్లా’ అనే పేరులో ఈ ‘నల్ల’ ఉంది. అచ్చు మారింది, రంగు పోయింది. 1877లో ఫ్రాన్సిస్ డే మరొక చేపకు ఏరియస్ జెల్లా అని పేరు పెట్టాడు. పరిశోధకుడు జాగ్రత్తపడవలసింది ఇక్కడే. రసెల్ జెల్ల సముద్రతీరపు ఏరిడే కుటుంబానిది. పాకాల, రామప్ప వంటి చెరువులున్న మన ప్రాంతంలో జెల్ల అంటే మంచినీటి బాగ్రిడే కుటుంబపు చేప. పేరు ఒకటే అయినా కుటుంబాలు వేరు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది వల విప్పేటప్పుడు చేతికి గుచ్చుకునే ముల్లు. పేరు దాన్నే అనుసరించిందని నా ఊహ. (జెల్లకాయతో దీనికి చుట్టరికం ఉందా అని విద్యార్థులు అడుగుతుంటారు. ధ్వనిసామ్యాన్ని మించి నేను చెప్పగలిగింది లేదు.)

మార్పు విషయంలో శాస్త్రమే తడబడింది. దీన్ని చాలాకాలం క్లేరియస్ బట్రాకస్ అన్నారు. ఆ పేరు జావా చేపకు చెందుతుందని 2008లో స్పష్టమయ్యాక, మన దేశపు చేపకు 1822లో హామిల్టన్ పెట్టిన ‘మాగుర్’ నిలిచింది. అది బెంగాలీ మాట.

ఇక తెలంగాణ పత్రికల్లో నేడు ‘క్యాట్‌ఫిష్’ అంటే సాధారణంగా పెంపకం నిషేధించిన ఆఫ్రికా చేప, క్లేరియస్ గారీపినస్. ఈ స్థితిలో మార్పుకు అర్థంగా ‘క్యాట్‌ఫిష్’ రాస్తే నాటు చేపకు నిషిద్ధ చేప పేరు తగిలించినట్లే. చెరువు మీద బతికే గంగపుత్ర, ముదిరాజ్ కుటుంబాలకు ఇది అర్థవివరణ సమస్య కాదు, అమ్మకం సమస్య. క్షేత్రసేకరణలో పేరు పక్కన ఊరు, నీటి స్వభావం, వీపు రెక్క పొడవు, ముల్లు తప్పక నమోదు కావాలి. వీలైతే చేపను ఎదుట పెట్టుకొనే పేరు అడగాలి.