బొటనవేలి సాక్ష్యం

వెన్నెముక వంకర తీర్చాలన్న తాపత్రయం ఈనాటిది కాదు. హిప్పోక్రటీసు పేరున్న గ్రంథాలలోనే, రోగిని నిచ్చెనకు కట్టి ఎత్తునుంచి కుదిపే చికిత్స కనిపిస్తుంది. జనాన్ని నివ్వెరపరచడానికే వైద్యులు దీన్ని వాడుతున్నారని ఆ గ్రంథకర్తే ఈసడించుకున్నాడు కూడా!

అది కొలత లేని కాలం. 1948లో న్యూయార్కు వైద్యుడు జాన్ కాబ్, ఎక్స్‌రే పటం మీద వంపుకు రెండు కొసలా బాగా వాలిన వెన్నుపూసల వెంట గీతలు గీసి, వాటి మధ్య కోణాన్ని కొలవమన్నాడు. నేటికీ అదే ప్రమాణం. ఆ కోణం 10 డిగ్రీలకు చేరితేనే పార్శ్వవక్రత అంటారు.

హూస్టన్‌లో పాల్ హారింగ్టన్ పోలియో సోకిన పిల్లల వెన్నుకు కొక్కేలు తగిలించి, లోహపు కడ్డీతో సాగదీసే పద్ధతిని రూపొందించి 1962లో వివరంగా ప్రకటించాడు. ఎదురుగా చూస్తే వంపు తగ్గింది. పక్కనుంచి చూస్తే మాత్రం, నడుము దగ్గర ఉండవలసిన సహజమైన లోవంపు కూడా చదునైపోయింది. ఏళ్ళు గడిచాక కొందరు నిటారుగా నిలబడలేక ముందుకు వాలిపోయారు. వైద్యుడి దృష్టి అంతా కొలిచిన కోణం మీదే ఉండటంతో, కొలవని కోణం రోగి మెడకు చుట్టుకుంది.

ఇంతకన్నా పెద్ద భయం వెన్నుపాముది. సాగదీతలో అది దెబ్బతింటే కాళ్ళు పడిపోతాయి. మత్తులో ఉన్న మనిషిని ఎలా అడగడం? ఫ్రాన్సు దేశపు స్టాగ్నారా, ఆయన సహచరులు 1973లో ప్రచురించిన ఉపాయం సాహసమైనదే: శస్త్రచికిత్స మధ్యలో మత్తు తగ్గించి, రోగిని పేరుపెట్టి పిలిచి, ముందు చేతులు, తరువాత కాళ్ళు కదపమంటారు. చేతులు కదిలితే మాట వినబడినట్టు. ఆపైన కాలి వేళ్ళు కదలకపోతే దిద్దుబాటును వెంటనే సడలించాలి. ఆ కొద్ది నిమిషాలూ గదిలో అందరి చూపూ ఒక బొటనవేలి మీదే!

అయితే వేలు నరం సంగతి చెబుతుంది కాని, ఎముక ఎంత తిరిగిందో చెప్పదు. అందుకు 1990లలో ఎముకకు బిగించిన గుర్తులను కెమెరాలతో వెంబడించే పద్ధతులు వచ్చాయి. ఆ తరువాత మన చేతిఫోనులో ఉండే కదలిక సెన్సార్ల మీద పరిశోధకుల చూపు పడింది. రెండు వెన్నుపూసల మరలకు చెరొకటి తగిలిస్తే, వాటి వాలులోని తేడాయే వంపులో వచ్చిన మార్పు.

చెప్పడం తేలికే కాని, ఇక్కడొక చిక్కుంది. రోగి బోర్లా పడుకుని ఉంటాడు. నడుము లోవంపు మారితే సెన్సారు పైకో కిందికో వాలుతుంది, భూమ్యాకర్షణ ఆధారంగా ఆ వాలు తెలిసిపోతుంది. పక్కవంపు మాత్రం బల్లకు సమాంతరంగా ఉంటుంది. అటు తిరిగినా ఆకర్షణ దిశలో తేడా రాదు. గైరోస్కోపును నమ్ముకుంటే నిమిషాలు గడిచేకొద్దీ దాని తప్పు పేరుకుంటుంది. దిక్సూచి సెన్సారును చుట్టూ ఉన్న ఉక్కు దారితప్పిస్తుంది. వెరసి, హారింగ్టన్ కొలతకు అందకుండాపోయిన లోవంపు దీనికి సులువు. కాబ్ కాగితం మీద పట్టిన పక్కవంపే కష్టం.

ఇక వెన్నుపాము క్షేమాన్ని ఇప్పుడు ఎక్కువచోట్ల విద్యుత్ సంకేతాలతో కనిపెడుతున్నారు. ఆ సంకేతాలు పడిపోయి అనుమానం తీరనప్పుడు మాత్రం నేటికీ మత్తు తగ్గించి, రోగిని పేరుపెట్టి పిలిచి, కాలు కదపమని అడగడం ఉంది.