ఒక్క రాత్రి చలికి బోటు ఇంజిన్ పగిలిపోతుంది.. ఫ్రీజ్ వార్నింగ్ వస్తే ముందు చేయాల్సిన పని ఇదే

నారాయణఖేడ్: సంగారెడ్డి జిల్లాకు చలి కొత్తేమీ కాదు. కోహీర్ లాంటి చోట్ల చలికాలంలో ఉష్ణోగ్రత సింగిల్ డిజిట్‌కు పడిపోతుంటుంది. నారాయణఖేడ్ వైపు తెల్లవారుజామున ట్రాక్టర్లు, డీజిల్ ఇంజిన్లు ఓ పట్టాన స్టార్ట్ కావు. బ్యాటరీలు మొరాయిస్తాయి. కానీ ఎండెక్కితే అంతా మామూలే. ఎందుకంటే ఇక్కడ ఎంత చలి పెట్టినా ఇంజిన్‌లో నీళ్లు గడ్డకట్టవు. సింగూరు ప్రాజెక్టులో తిరిగే పడవలకూ ఆ భయం లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల పరిస్థితి వేరు. డాలస్, అట్లాంటా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. డాలస్ వాళ్లకు లేక్ లూయిస్‌విల్, అట్లాంటా వాళ్లకు లేక్ లేనియర్ దగ్గర. అక్కడ సొంత బోటు ఉన్నవాళ్లను చలికాలంలోనే కాదు, మార్చి, ఏప్రిల్‌లో హఠాత్తుగా వచ్చే చలి కూడా దెబ్బతీస్తుంది.

వసంతంలోనూ ఎందుకు?

చలికాలం ముందు చాలామంది ఇంజిన్‌లో నీళ్లు తీసేసి బోటును పక్కన పెడతారు. ఎండలు మొదలవగానే బయటకు తీసి ఓ రౌండ్ వేస్తారు. దాంతో ఇంజిన్‌లోకి మళ్లీ నీళ్లు చేరతాయి. సరిగ్గా అప్పుడే ఓ రాత్రి ఉష్ణోగ్రత సున్నా కిందకు వెళ్తే ఇక అంతే. 2007 ఏప్రిల్‌లో ఈస్టర్ సమయంలో వచ్చిన చలి జార్జియా సహా ఆగ్నేయ రాష్ట్రాల్లో పండ్ల తోటలను భారీగా దెబ్బతీసింది. ఏప్రిల్ వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఇంజిన్ ఎలా పగులుతుంది?

నిండా నీళ్లు పోసిన గాజు సీసాను డీప్ ఫ్రిజ్‌లో పెడితే ఏమవుతుందో తెలిసిందే. ఇక్కడా అంతే. నీళ్లు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తాయి. ఇంజిన్ బ్లాక్‌లోని పోత ఇనుము సాగదు, పగులుతుంది. కారు, ట్రాక్టర్లలో రేడియేటర్ ఉంటుంది. చాలా బోట్లకు అది ఉండదు. సరస్సు నీళ్లనే లోపలికి లాక్కుని ఇంజిన్‌ను చల్లబరుస్తాయి. ఇంజిన్ ఆపేశాక ఆ నీళ్లు కొన్ని లోపలే ఉండిపోతాయి. అసలు ప్రమాదం వాటితోనే.

ఏ ఇంజిన్‌కు ఏం చేయాలి?

* అవుట్‌బోర్డ్ (బోటు వెనక తగిలించేది): ఇంజిన్‌ను పూర్తిగా కిందికి దించి, నిలువుగా ఉంచాలి. నీళ్లు వాటంతట అవే కారిపోతాయి. పైకి లేపి వదిలేస్తే వాన నీళ్లు చేరి అక్కడే గడ్డకడతాయి.

* స్టెర్న్‌డ్రైవ్, ఇన్‌బోర్డ్ (బోటు లోపల ఉండేది): ఎక్కువ ముప్పు వీటికే. బ్లాక్‌కు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు ఉన్న డ్రెయిన్ ప్లగ్‌లన్నీ తీయాలి. నీళ్లు రాకపోతే ఖాళీ అయిందని అనుకోవద్దు. తుప్పు, ఇసుక అడ్డుపడి ఉండొచ్చు. సన్నని తీగతో పొడిచి చూడాలి.

* కూలెంట్‌తో నడిచే క్లోజ్డ్ సిస్టమ్: బ్లాక్‌లో కూలెంట్ ఉన్నా, హీట్ ఎక్స్ఛేంజర్‌లో ఒకవైపు సరస్సు నీళ్లే తిరుగుతాయి. ఆ వైపు ఖాళీ చేయాల్సిందే.

ఈ పనికి ముందు బోటును ట్రైలర్ మీదకు ఎక్కించడం మంచిది. నీళ్లలోనే ఉంచాల్సి వస్తే మెకానిక్‌ను పిలవాలి. నీళ్లు లోపలికి వచ్చే వాల్వ్ మూయకుండా ప్లగ్‌లు, గొట్టాలు తీస్తే బోటే మునిగిపోవచ్చు. తీసిన ప్లగ్‌లను ఓ కవర్‌లో వేసి స్టీరింగ్‌కు కట్టేస్తే మళ్లీ బిగించడం మర్చిపోరు.

యాంటీఫ్రీజ్ పోస్తే చాలా?

చాలదు. ముందు నీళ్లు తీయాలి. లేదంటే యాంటీఫ్రీజ్ పలుచబడి పనిచేయదు. బోట్లకు వాడేది ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసిన గులాబీ రంగు ద్రవం. కార్లలో ఎక్కువగా వాడే ఎథిలీన్ గ్లైకాల్ విషపూరితం. అది సరస్సులో కలిస్తే ప్రమాదం. డబ్బాపై కనిపించే మైనస్ 50 అనే అంకె ఫారెన్‌హీట్‌లో ఉంటుందని గుర్తుంచుకోవాలి.

హీటర్‌ను నమ్ముకోవచ్చా?

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచు తుపాను ముంచెత్తింది. ఫిబ్రవరి 16న డాలస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. రాష్ట్రంలో 45 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. అలాంటి రాత్రి హీటర్ ఉన్నా లేనట్టే. పైగా ఇంట్లో వాడే హీటర్‌ను ఇంజిన్ గదిలో పెడితే పెట్రోల్ ఆవిరికి నిప్పంటుకోవచ్చు. నీళ్లు తీసేసిన ఇంజిన్‌కు కరెంటుతో పనే లేదు.

ఫోన్‌లో ఏ అంకె చూడాలి?

వెదర్ యాప్‌లో 'ఫీల్స్ లైక్' అని కనిపించేది గాలి వల్ల మనిషి ఒంటికి తెలిసే చలి. ఇంజిన్‌కు అది వర్తించదు. గాలి వీస్తే ఇంజిన్ త్వరగా చల్లబడుతుందే తప్ప, అసలు ఉష్ణోగ్రత కంటే కిందికి వెళ్లదు. అసలు ఉష్ణోగ్రత 0 డిగ్రీల సెల్సియస్, అంటే 32 ఫారెన్‌హీట్‌కు చేరుతుందా అన్నదే చూడాలి. అమెరికా నేషనల్ వెదర్ సర్వీస్ 'ఫ్రీజ్ వార్నింగ్' ఇచ్చిందంటే ఆ సాయంత్రమే పని పూర్తి చేయాలి.

అప్పటికే గడ్డకడితే?

స్టార్ట్ చేయొద్దు. నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ మంచులో ఇరుక్కుని ఉంటే చిరిగిపోతుంది. మంచు దానంతట అది కరిగేదాకా ఆగాలి. తర్వాత బ్లాక్ మీద పగుళ్లు, కింద నీటి చెమ్మ ఉన్నాయేమో చూడాలి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టే. అప్పుడు మెకానిక్‌కు చూపించాకే తాళం తిప్పాలి.

బోటుకు ఇన్సూరెన్స్ ఉందని ధీమా పడొద్దు. చాలా పాలసీల్లో మంచు వల్ల జరిగే నష్టానికి విడిగా కవరేజీ తీసుకోవాలి. మీ పాలసీలో అది ఉందో లేదో, మీ ఇంజిన్‌కు డ్రెయిన్ ప్లగ్‌లు ఎన్ని, ఎక్కడెక్కడ ఉన్నాయో వార్నింగ్ రాకముందే చూసి పెట్టుకోండి.