తార్నాకలో కరెంటు ఎవరి దగ్గర కొనుక్కోవాలి?

మా అక్కయ్య కొడుకు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాడు. సెలవు రోజున ఫోను చేసి, క్షేమసమాచారాలు అయ్యాక ఏదో ఒక తగువు పెట్టుకోవడం వాడి అలవాటు. మొన్న వేసవిలో నేను కరెంటు బిల్లు గురించి గొణుగుతుంటే, "కంపెనీ మార్చెయ్యొచ్చుగా మామయ్యా? నేను ఏడాదికోసారి మారుస్తాను" అన్నాడు. "మార్చడానికి ఇక్కడ ఇంకొకడు ఉండొద్దూ!" అని మాట తప్పించానే గానీ, ఆ ప్రశ్న నన్ను వదలలేదు. వందేళ్ళ కరెంటు చరిత్ర ఉన్న ఈ నగరంలో, తన కరెంటు ఎవరి దగ్గర కొనుక్కోవాలో ఒక గృహస్థు తానుగా నిర్ణయించుకున్న రోజు ఎప్పుడైనా ఉన్నదా?

ఉన్నట్టు కనబడదు. నిజాం ప్రభుత్వం హుసేన్ సాగర్ ఒడ్డున 1920లో థర్మల్ కేంద్రం నెలకొల్పినప్పుడు కరెంటు సర్కారు వారి సొత్తు. 1939లో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమయ్యేనాటికీ అంతే. 1948 నాటి కేంద్ర చట్టం రాష్ట్రాల్లో విద్యుత్ బోర్డులకు దారి వేసింది. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు పుట్టింది. హుసేన్ సాగర్ కేంద్రం తర్వాత ఆగిపోయింది, ఆనక కూల్చేశారు కూడా. అమ్మేవాడు మాత్రం ఎప్పుడూ ఒక్కడే. (తార్నాక అన్న పేరు కూడా, ముళ్ళతీగ కట్టిన నాకా నుంచి వచ్చిందని చెబుతారు. తీగ పేరు పెట్టుకున్న పేటవాళ్ళం, మా ఇంటికి వచ్చే తీగ మీద మాకు పెత్తనం లేదు.)

ఒక్క మినహాయింపు చెప్పుకోవాలి. విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో నేను తార్నాకలో ఒక పోర్షనులో అద్దెకుండేవాణ్ణి. ఇంటాయన మాకు సబ్‌మీటరు బిగించి, యూనిట్‌కు ఇంత అని తానే ధర కట్టేవాడు. ఆ ధర ఆయన బిల్లులోని అన్నిటికంటే పై స్లాబుది అయి ఉండేది, ఎందుకో అడిగే ధైర్యం మాకు లేదు. అంచేత మాబోటివాళ్ళకు కరెంటు కంపెనీ మార్చడం సాధ్యమే, ఇల్లు ఖాళీ చేస్తే సరి! హాస్టల్లో ఉన్న మిత్రుల సంగతి వేరు, వాళ్ళు హీటరు మీద అన్నం వండుకునేవారు. వార్డెనుగారి తనిఖీ తప్ప వాళ్ళకు బిల్లు భయం లేదు.

అసలు కథ సరిగ్గా ఆ రోజులదే. ఇర్వింగ్ వాడితో మాట్లాడాక పాత సంగతులు తిరగేస్తే ఒక వింత తోచింది. కరెంటు వ్యవస్థ సంస్కరణ అన్నది టెక్సస్‌లోనూ మన రాష్ట్రంలోనూ దాదాపు ఒకేసారి జరిగింది. అక్కడ 1999లో చట్టం చేసి, 2002 జనవరి 1 నుంచి చాలా ప్రాంతాల్లో గృహస్థులకు అమ్మకందారును ఎంచుకునే హక్కు ఇచ్చారు. స్తంభాలూ తీగలూ ఒక సంస్థవే ఉంటాయి. వాటి మీద వచ్చే కరెంటును అమ్మేవాళ్ళు మాత్రం అనేకులు. ఇక్కడ 1998 నాటి సంస్కరణ చట్టం 1999 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చింది. బోర్డు రెండు ముక్కలై జెన్‌కో, ట్రాన్స్‌కో అయింది. ధరలు నిర్ణయించడానికి నియంత్రణ మండలి వచ్చింది. 2000 ఏప్రిల్‌లో పంపిణీని నాలుగు కంపెనీలకు పంచారు. నాలుగు కంపెనీలంటే పోటీ కాబోలనుకుంటే పొరపాటు: నాలుగూ నాలుగు ప్రాంతాలకు. హైదరాబాదు వాడికి సెంట్రల్ డిస్కమ్, తిరుపతి వాడికి సదరన్. బోర్డు పోయిందన్న మాటే గానీ, మీటరుకు అవతల చివర ఉన్నవాడు పేరు మార్చుకున్నాడంతే.

వాళ్ళకు ఎంపిక దక్కిన సంస్కరణలో మనకు దక్కింది ధరల పెంపు. 2000 వేసవిలో కొత్త టారిఫ్ వచ్చింది. ప్రతిపక్షాలన్నీ వీధికెక్కాయి. ఆగస్టు 24న నగరాన్ని ముంచెత్తిన వాన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ బురద ఆరకముందే, 28న, చలో అసెంబ్లీ. బషీర్‌బాగ్ దగ్గర పోలీసు కాల్పులు జరిగాయి. రామకృష్ణ, బాలస్వామి, విష్ణువర్ధన్ రెడ్డి, ముగ్గురు మరణించారు. ఆ సాయంత్రం మా ఇంటాయన గేటు దగ్గర నిలబడి, "కరెంటు బిల్లు కోసం ప్రాణాలు పోవడమేమిటండీ" అని పదేపదే అన్న మాట నాకింకా వినిపిస్తుంది. మా సబ్‌మీటరు ధర ఆ నెల పెంచలేదాయన. తర్వాతి నెల పెంచాడు.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఊరేగింపులో ఎవరూ ఇంకో కంపెనీ కావాలని అడగలేదు. అమ్మేవాడు సర్కారే కాబట్టి, ధర తగ్గించమని సర్కారునే అడిగారు. మార్చడానికి వీలున్న ఒకే ఒక్క వస్తువు ప్రభుత్వం. 2004లో దాన్నే మార్చారు (ఒక్క కరెంటు వల్లనే అనను). కొత్త ముఖ్యమంత్రి తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్ మీదే.

2003 విద్యుత్ చట్టం మాత్రం ఒక తలుపు తీసింది, దాని పేరు ఓపెన్ యాక్సెస్. ఒక మెగావాట్ పైబడి వాడేవారు నచ్చినచోట కరెంటు కొని, డిస్కమ్ తీగల మీదుగా తెప్పించుకోవచ్చు. 2022 జూన్‌లో కేంద్రం తెచ్చిన నిబంధనలు, పునరుత్పాదక విద్యుత్ వరకు, ఈ హద్దును వంద కిలోవాట్లకు దించాయి. అంటే మా వీధి చివర రోడ్డు దాటి, క్యాంపస్‌లాంటి పెద్ద కనెక్షను తీసుకున్న సంస్థకు చట్టరీత్యా ఎంపిక ఉంటుంది. రోడ్డుకు ఇవతల మూడు కిలోవాట్ల ఇంటికి ఉండదు.

ఇందులో అన్యాయం ఉందా? తొందరపడకూడదు. పరిశ్రమలూ వాణిజ్య సంస్థలూ అసలు ఖరీదు కంటే ఎక్కువ కట్టేది, చిన్న ఇళ్ళూ వ్యవసాయమూ తక్కువ కట్టేందుకే. దీన్నే క్రాస్ సబ్సిడీ అంటారు. పెద్దవాడు వెళ్ళిపోతే ఆ బరువు మిగిలినవాళ్ళ మీద పడుతుంది, కనుక వెళ్ళేవాడి దగ్గర సర్‌చార్జి వసూలు చేస్తారు. ముంబైలో ఇదంతా ఇళ్ళ స్థాయిలోనే జరిగింది. అక్కడ రెండు కంపెనీలకు ఒకే ప్రాంతంలో లైసెన్సు ఉండేది. టాటా పవర్ ఇళ్ళకు నేరుగా అమ్మవచ్చని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. రిలయన్స్ తీగల మీదుగానే టాటా కరెంటు తీసుకోవచ్చని 2009లో అక్కడి నియంత్రణ మండలి అనుమతించింది. జనం మారారు. తర్వాత మారినవారి మీదా సర్‌చార్జి పడింది. దేశమంతటా ఒకే ప్రాంతంలో పలువురు పంపిణీదారులకు వీలు కల్పించే బిల్లు 2022 ఆగస్టులో లోక్‌సభకు వచ్చి, స్థాయీ సంఘానికి వెళ్ళి, 2024లో సభతోపాటే రద్దయింది. ఉద్యోగ సంఘాల భయం ఒక్కటే: కొత్తవాడు నాలుగొందల యూనిట్ల ఇళ్ళను ఏరుకుని, యాభై యూనిట్ల ఇళ్ళను డిస్కమ్‌కు వదిలేస్తాడని. ఆ భయం నాకూ ఉంది.

మేనల్లుడి రాజ్యంలోనూ అన్నీ వెన్నెల రాత్రులు కావు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టోకు ధర యూనిట్‌కు తొమ్మిది డాలర్ల దాకా పోయింది. టోకు ధరకే ఇస్తామన్న గ్రిడ్డీ అనే కంపెనీ ఖాతాదారులకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. మర్నెల ఆ కంపెనీ దివాలా తీసింది. స్థిర ధర ఒప్పందంలో ఉన్నాడు గనుక వాడు బతికిపోయాడు. అయినా వాడంటే నాకు అసూయే. మోసపోవడానికైనా వాడికి నాలుగు తలుపులున్నాయి.

మాకున్న విద్య ఒకటే, స్లాబు కాయడం. 2022-23 టారిఫ్ ఉత్తర్వు ప్రకారం నెలకు సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే, స్థిర చార్జీలు వగైరా వదిలేసి, మొదటి వందకు 3.40 చొప్పున, రెండో వందకు 4.80 చొప్పున 820 రూపాయలు. 201 అయిందో, మొదటి రెండు వందలూ 5.10 లెక్కన మారి, ఆ ఒక్కటీ 7.70 కలిసి 1027.70. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207.70! 2024లో వచ్చిన గృహజ్యోతి వర్తించేవారికైతే ఆ గీత మరీ లోతు: గీతకు ఇవతల సున్నా, అవతల పూర్తి బిల్లు. అందుకే మా పేటలో మేడ మీద పోర్షనుకు వేరే మీటరు పెట్టించే ఇళ్ళు కనిపిస్తాయి. సబ్‌మీటరు రోజులు చూసినవాణ్ణి కనుక ఇది నాకు సంతోషమే. అద్దెకున్నవాడికి తన బిల్లు తన పేరున కాకపోయినా తన స్లాబులో వస్తుంది.

నిన్న సాయంత్రం మీటరు చూశాను. పోయిన రీడింగు మీద నూట తొంభై ఆరు తిరిగింది. బిల్లు తీసే అబ్బాయి రావడానికి ఇంకా రెండు రోజులుంది. గీజరు ఆపేశాను.