ఒక్క ఫ్రేమ్ తేడాతో

సూపర్ మారియో బ్రదర్స్‌ను ఐదు నిమిషాల్లోపు ముగించే రికార్డింగ్ ఫైలొకదాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. బొమ్మలుండవు, శబ్దం ఉండదు. ఫ్రేముకొక వరుస, వరుసకు ఎనిమిది గళ్లు: కుడి, ఎడమ, కింద, పైన, స్టార్ట్, సెలెక్ట్, బి, ఎ. నొక్కిన బటన్‌కు అక్షరం, నొక్కనిదానికి చుక్క. సెకనుకు ఇలాంటి వరుసలు 60. పాత గేమ్ పెట్టెను కంప్యూటర్‌లో అనుకరించే ఎమ్యులేటర్ వాటిని చదువుకుంటూ ఆట మొత్తం మళ్లీ ఆడుతుంది. ఆటను ఫ్రేము ఫ్రేముకూ ఆపుతూ, నచ్చకపోతే ముందే దాచుకున్న స్థితికి, అంటే సేవ్‌స్టేట్‌కు, వెనక్కి వెళుతూ, మనిషి వేళ్లకు అందని ఆటను ఇలా కూర్చడాన్నే టూల్ అసిస్టెడ్ స్పీడ్‌రన్, పొట్టిగా టాస్, అంటారు.

పేచీ అంతా మళ్లీ ఆడించినప్పుడే. రికార్డు చేసిననాటికీ ఇప్పటికీ ఎమ్యులేటర్ తీరులో వెంట్రుకవాసి తేడా వచ్చినా చాలు, మారియో ఒక ఫ్రేము ఆలస్యంగా దూకి గుంటలో పడతాడు. ఫైలుకు ఆ సంగతి పట్టదు. చచ్చినవాడి కోసం బటన్లు నొక్కుతూనే పోతుంది. ఇదే డీసింక్. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి రాత్రిళ్లు డీసింక్‌ల వెంటపడే నాకు తేలిందేమిటంటే, ఆటను నడిపేవి బటన్లొక్కటే కావు. ఫైల్లోకి ఎక్కనిది ఇంకేదో ఉన్నప్పుడే సింక్ పోతుంది. ఈ విద్య చరిత్రంతా అలా ఎక్కకుండా పోయినవాటిని ఒక్కొక్కటే కనిపెట్టడమే.

మొదలు 1993 డిసెంబరులో వచ్చిన డూమ్ అనే షూటింగ్ ఆట. డెమో రికార్డింగ్ ఆటలోనే ఉండేది: సెకనుకు 35 టిక్కులు, టిక్కుకు 4 బైట్లు. పది నిమిషాల ఆట దాదాపు 84 వేల బైట్లు. మోడెమ్ కాలంలో కూడా తేలిగ్గా పంపుకోవచ్చు. మరి రాక్షసుల గురి ఎప్పటికప్పుడు మారుతుంది కదా, అది రెండోసారీ అలాగే ఎలా వస్తుంది? డూమ్‌లో ఆ అదృష్టమంతా 256 అంకెల పట్టిక ఒకటి, అది ఎన్నడూ మారదు. దాన్ని చదివే సూచికలు మాత్రం రెండు: ఒకటి ఆటకు, రెండోది తెర కరిగి జారే ఎఫెక్టు లాంటి అలంకారాలకు. రెంటికీ ఒకే సూచిక పెట్టి ఉంటే అలంకారం చేసిన ఖర్చుకు ఆట బలయ్యేది. ఇంత ముందుచూపున్నా వెర్షన్ మారితే డెమో తప్పేది. అందుకే వేరే వెర్షన్ డెమోను ఆట గుమ్మంలోనే తిప్పి పంపేది. 1997 డిసెంబరులో డూమ్ సోర్స్ కోడ్ బయటికొచ్చింది. 1999లో ఆండీ కెంప్లింగ్ ఆటను నెమ్మదిగా నడుపుతూ రికార్డు చేసే వీలు కల్పించాడు. టాస్ అన్న పేరూ ఆ ఏడాదిదే.

2003లో మోరిమోటో అనే జపాన్ ఆటగాడి సూపర్ మారియో బ్రదర్స్ 3 వీడియో నెట్‌లో చేతులు మారింది. పదకొండు నిమిషాల ఆట. చాలామంది నిజంగా ఒక మనిషి కూర్చుని ఆడాడనుకున్నారు, తెలిశాక తిట్టుకున్నారు. ఫిన్లాండ్‌కు చెందిన బిస్క్విట్ మాత్రం అలాంటివాటిని పోగుచేసే చోటు మొదలుపెట్టాడు. అదే తర్వాత టాస్‌వీడియోస్ అయింది. మోరిమోటో వాడింది ఫామ్‌టేసియా అనే ఎమ్యులేటర్. నింటెండో పెట్టెను అది ఉజ్జాయింపుగానే అనుకరించేది. ఆ ఫైళ్లను మెరుగైన ఎమ్యులేటర్‌లో పెడితే కొద్దిసేపట్లోనే ఆట తప్పేది.

కారణాల్లో పెద్దది లాగ్ ఫ్రేమ్. తెరమీద శత్రువులు ఎక్కువైతే ప్రాసెసర్ పని ఫ్రేములోపు ముగియదు, ఆ ఫ్రేములో ఆట బటన్లను చూడదు. ఏ ఫ్రేములో పని మిగిలిపోతుందో రెండు ఎమ్యులేటర్లు వేర్వేరుగా లెక్కేస్తే, అక్కణ్నుంచి ప్రతి వరుసా ఒక ఫ్రేము జరుగుతుంది. నేను పట్టుకునే తీరు ఇది: మారియో అడ్డంగా ఎక్కడున్నాడో చెప్పే బైటు రామ్‌లో 0086 చిరునామాలో ఉంటుంది. రెండుచోట్లా ఫ్రేముకొకసారి దాన్ని రాయించి, 18 వేల ఫ్రేముల జాబితాను సగం సగం చేసుకుంటూ పోతే మొదట విడిపోయిన ఫ్రేము చిక్కుతుంది. దానికి ముందు లాగ్ తేడా కనబడితే ఒక ఖాళీ వరుస చేర్చడమో తీసేయడమో చేస్తాను. అదృష్టం ఫ్రేముల లెక్కమీద ఆధారపడిన ఆటల్లో ఈ మందు పనిచేయదు. అక్కణ్నుంచి మళ్లీ ఆడాల్సిందే.

రెండో దొంగ పవర్ ఆన్ చేసిన క్షణం. అసలు పెట్టెలోని 2 కిలోబైట్ల రామ్‌లో అప్పుడు ఏముంటుందో చెప్పలేం. ఎమ్యులేటర్ సున్నాలో, ఏదో ఒక వరుసో నింపుతుంది. రామ్‌ను తుడవకుండా మొదలయ్యే ఆటకు ఇది పుట్టిన గడియ తప్పిన జాతకమే. మూడోది దేశం. తొంభైల్లో మన ఇళ్లలో 'టీవీ గేమ్' ఆడిన టీవీలు 50 హెర్ట్జ్ పాల్ పద్ధతివి, అమెరికా, జపాన్‌లవి 60. అందుకే పాల్ పద్ధతా కాదా అన్న గుర్తు కూడా ఫైలు మొదట్లో చేరింది.

శబ్దం అనుమానించదగ్గదని ఎవరూ అనుకోలేదు. మారియో 3లో డ్రమ్ శబ్దపు శాంపిల్‌ను చిప్ తెచ్చుకునే క్షణంలోనే కంట్రోలర్ చదివితే ఒక బిట్ జారిపోతుంది. అందుకే ఆ ఆట రెండు రీడింగులు ఒకటయ్యేదాకా మళ్లీ మళ్లీ చదువుతుంది. టాస్‌ను అసలు కన్సోల్‌లోనే ఆడించేందుకు దానికి వైర్లు తగిలించి, అడిగినప్పుడల్లా ఒక వరుస అందించే బోర్డు ఇక్కడ ముందుకు పరిగెత్తేది. ఫ్రేములో ఎన్నిసార్లు అడిగినా అదే వరుస ఇవ్వడం నేర్పాల్సి వచ్చింది. సూపర్ నింటెండోలో శబ్దానికి వేరే గడియారం, అదీ సెరామిక్ రెసొనేటర్. వేడికి వేగం మారుతుంది. ఇన్ని చిక్కులున్నా 2014 జనవరిలో ఆసమ్ గేమ్స్ డన్ క్విక్ అనే స్పీడ్‌రన్ వేదికమీద, ఇలాంటి బోర్డుతో ఆడే టాస్‌బాట్ అనే రోబో అసలు కన్సోల్‌లో నడుస్తున్న సూపర్ మారియో వరల్డ్‌ను బటన్లతోనే పాంగ్, స్నేక్ ఆటలుగా మార్చి చూపింది.

ఇవాళ బిజ్‌హాక్ అనే ఎమ్యులేటర్ ఫైలు ఒక జిప్ పొట్లం. బటన్ల చిట్టా పక్కనే సింక్ సెట్టింగులకు విడిగా ఒక ఫైలుంటుంది. ఒకప్పుడు రాయకుండా వదిలేసినవి అక్కడ చేరాయి. ఇంతా చేసి పాతవాటికి మాత్రం ఖచ్చితత్వమే శత్రువు. సూపర్ నింటెండో ఎమ్యులేటర్ స్నెస్9ఎక్స్ 1.43లో పాత టైమింగును అలాగే ఉంచే ఆప్షన్లు అందుకే పెట్టారు. డూమ్ కొత్త పోర్టుల్లో కొన్ని పాత బగ్గులను పనిగట్టుకుని అనుకరిస్తాయి. పాత టాస్ దాచాలనుకునేవాళ్లకు నేను చెప్పేదొకటే: ఫైలుతోపాటు అది పుట్టిన ఎమ్యులేటర్‌ను కూడా, తప్పులు దిద్దకుండా దాచండి. ఆ రికార్డు నెలకొల్పింది ఆ తప్పుల మీదే.