బంగారు అన్వేషణ చరిత్రలో జలగడుగువారు: మద్దికెర – జొన్నగిరి పరిసరాలు

వ్యాససంగ్రహం

చేత మోయగల పనిముట్లతో బంగారం జాడ తీయడం దక్షిణ భారతదేశంలో పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా అన్వేషకులతో ఆరంభమైనట్లు గనుల చరిత్రలు తరచు సూచిస్తాయి. పశ్చిమ కర్నూలులోని మద్దికెర, జొన్నగిరి పరిసరాలను కేంద్రంగా తీసుకొని, ఈ అన్వేషణ వాస్తవంగా ఎక్కడ మొదలయ్యేదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పనిముట్టు కంటే ముందు పాతగుంత, వాననీరు, కడిగే చెయ్యి అవసరమయ్యాయని, వీటిలో మూడవదానికి చరిత్రరచనలో తగిన చోటు దక్కలేదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జలగడుగు, జొన్నగిరి, మద్దికెర, సువర్ణగిరి, పాతగుంతలు, బంగారు రజను.

ఉపోద్ఘాతం

హంద్రీనది మద్దికెర పొలాల్లో పుడుతుంది. పుట్టుక అనడమే గాని అక్కడ ఏడాది పొడుగునా పారే ధార ఏదీ లేదు. వాన పడినప్పుడు చేల గట్ల వెంబడి దిగిన నీరు వంకలై, ఆ వంకలు ఒకదానితో ఒకటి కలిసి, కర్నూలు పట్టణం వద్ద తుంగభద్రను చేరేనాటికి నది అనిపించుకుంటాయి. వాన వెలిసిన కొద్దిరోజులకే పైభాగాన ఇసుక మాత్రమే మిగులుతుంది.

బంగారు అన్వేషకుడు అనగానే లోకానికి స్ఫురించే రూపం 1849 నాటి కాలిఫోర్నియాది. చల్లని ఏటిలో మోకాలి లోతున నిలబడి ఇనుపపళ్ళెం తిప్పే ఒంటరి మనిషి అతడు. మద్దికెర సీమకు ఈ రూపం పొసగదు. ఇక్కడ ఏరు లేదు. ఉన్న నీటికి గడువు ఉంది. అయినా ఈ ప్రాంతంలో, దీనికి పడమట రాయచూరు సీమలో, దక్షిణాన అనంతపురం రామగిరి కొండల్లో మనుషులు బంగారం వెతికారు, తీశారు. నిత్యప్రవాహం లేని చోట, రహదారికి దూరంగా, మోయగలిగినంత సరంజామాతో ఆ పని ఎలా మొదలుపెట్టేవారన్నది ఇక్కడి ప్రశ్న.

మరిగె చేసే పని

పనిముట్టు సులభమైనది. లోతు తక్కువగా తొలిచిన చెక్కతొట్టి, అనగా మరిగె, తవ్వడానికి గునపం, తొలిక, మోయడానికి గంప, రాయి నలగ్గొట్టడానికి రోలు, గుండు. ఐరోపావారి ఇనుపపళ్ళెం ఆకారంలో వేరైనా సూత్రంలో వేరు కాదు. బంగారం సాపేక్ష సాంద్రత 19.3. పలుగురాయిది 2.65. ఇనుపఖనిజపు నల్ల ఇసుక సుమారు 5. మన్నును నీటిలో కలిపి మరిగెను ఊపుతూ వంచితే బంక, ఇసుక ముందు జారిపోతాయి. నల్ల ఇసుక అడుగున నిలుస్తుంది. ఆ నల్లదనం అంచున పసుపు రవ్వ కనబడితే కనబడుతుంది. చెక్క పేళ్ళ మధ్య సన్నని రజను చిక్కుకొని ఆగడం మరిగెకున్న ఒక అనుకూలత.

ఒక రవ్వ దొరకడం అన్వేషణకు ఆరంభమే. కడిగేవాడు వంక వెంబడి పైకి నడుస్తూ ఒక్కొక్క మలుపులో ఒక్కొక్క మరిగెడు మన్ను కడుగుతాడు. రవ్వల సంఖ్య పెరుగుతూ పోయి ఒకచోట అకస్మాత్తుగా ఆగితే, ఆ చోటుకు కాస్త దిగువన ఏదో ఒక గట్టునుంచి బంగారం వంకలోకి దిగుతున్నదన్నమాట. అక్కడినుంచి వాలు మీద మన్ను, ఆపైన పలుగురాతి చారిక. రవ్వ ఆకారం కూడా దారి చెబుతుంది: మొన తేలినది దగ్గరిది, నునుపుదేరినది దూరం దొర్లి వచ్చినది. దీనికంతటికీ ప్రయోగశాల అక్కర లేదు. మణికట్టు నేర్పు, చూపు, నీరు కావాలి. మద్దికెర ప్రాంతంలో ఈ మూడింటిలో అరుదైనది నీరే. కనుక ఇక్కడ బంగారు అన్వేషణ వానలకు కట్టుబడిన పని అయింది. తొలకరి మట్టిని కదిలించి బరువైనదాన్ని వంక అడుగున చేరుస్తుంది, కడగడానికి గుంటల్లో నీటినీ నిలుపుతుంది. సేద్యపు పని ముమ్మరించేదీ అప్పుడే.

పాతగుంతలు

ఎక్కడ కడగాలన్నది ఎలా తెలిసేది? గుట్టలన్నీ ఒకేలా కనబడే చోట కొత్త మనిషికి ఇది మొదటి చిక్కు. కౌటిల్యుని అర్థశాస్త్రం ఆకరాధ్యక్షుని ప్రకరణంలో దీనికి సమాధానం చెబుతుంది. పూర్వం పనిచేసిన గనిని చిట్టెం, మూసలు, బొగ్గు, బూడిద గుర్తులనుబట్టి పోల్చుకోవాలని అందులో ఉంది. కొత్త గనిని వెతకడం గురించి అదే ప్రకరణం చెప్పినా, పాతగని గుర్తులను ముందుగా పేర్కొనడం గమనార్హం. అన్వేషణకు సిద్ధాంతం రాసిన తొలికాలానికే ఈ దేశంలో పాతగుంతలు ఉన్నాయన్నమాట.

హట్టి గనుల్లో ఆధునిక కార్మికులకు 600 అడుగులకు పైబడిన లోతులో పూర్వపు పనిజాడలు, ఆధారపు కలప తగిలాయి. రేడియోకార్బన్ పరీక్ష ఆ కలపను సుమారు రెండువేల ఏళ్ళనాటిదిగా తేల్చింది. ప్రాచీన భారతదేశపు బంగారు గనుల పద్ధతులపై 1962లో ప్రచురించిన పరిశోధనలో ఎఫ్. ఆర్. ఆల్చిన్ ఈ ఆధారాలను చర్చించాడు. రాతికి నిప్పు పెట్టి బీటలు వారించి తొలుచుకుంటూ పోవడం నాటి పద్ధతి. ఆ లోతు చేరినవారు తమ పనిని ఏదో ఒక వంకలో ఒక రవ్వను చూసి మొదలుపెట్టి ఉంటారనడంలో ఊహ ఉన్నా అసంగతం లేదు.

ఇక్కడ ఒక విశేషాన్ని ప్రస్తావించాలి. అశోకుని మాస్కి శాసనాన్ని 1915లో కనుగొన్న సి. బీడన్ బంగారు గనుల ఇంజనీరు. జొన్నగిరికి సమీపంలోని ఎర్రగుడి శాసనాలను 1920ల చివరలో వెలుగులోకి తెచ్చిన అను ఘోష్ భూవిజ్ఞానవేత్త. ఒకరు బంగారం కోసం, మరొకరు శిలల అధ్యయనం కోసం తిరుగుతూ మౌర్యుల అక్షరాలను చేరుకున్నారు. ఇది కేవలం యాదృచ్ఛికమని కొట్టివేయరాదు. మౌర్యులూ దక్షిణాన లోహమున్న నేలల వెంటనే శాసనాలు నిలిపారన్న అభిప్రాయం చరిత్రకారుల్లో ఉంది. బ్రహ్మగిరి, సిద్ధాపుర శాసనాలు సువర్ణగిరినుంచి వెలువడిన ఆజ్ఞను పేర్కొంటాయి. ఆ సువర్ణగిరి జొన్నగిరేనని కొందరు, మాస్కి అని, కనకగిరి అని మరికొందరు గుర్తించారు. స్వర్ణ, సొన్న, జొన్న అనే ధ్వనిక్రమం మీద మాత్రమే నిలిచే వాదం బలహీనమైనది. తెలుగులో జొన్న అనే ధాన్యవాచకం వేరుగా ఉంది. పైగా అది ఈ సీమ ముఖ్యపంట. ఎర్రగుడిలో పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ, లఘుశాసనాలూ ఒకేచోట ఉండటం, పక్కనే బంగారపు రాతిపట్టీ ఉండటం మాటపోలిక కంటే గట్టి ఆధారాలు.

కడిగే చెయ్యి

పాతగుంత మాట్లాడదు. దాని పక్కనున్న మన్నులో ఏది కడగదగినదో చెప్పగల మనిషి కావాలి. ఆ మనిషికి తెలుగులో జలగడుగువాడని పేరు. కన్నడసీమలో అదే వృత్తికి జలగార అన్న పేరుంది. 1909లో వెలువడిన థర్‌స్టన్ ఏడు సంపుటాల దక్షిణ భారత కులాల గ్రంథంలో జలగడుగు ప్రత్యేక పదంగా నమోదైంది. వంకలో ఇసుక కడగడంతోపాటు కంసాలి కొట్ల దుమ్మును కడిగి అందులో రాలిన బంగారాన్ని వేరుచేయడం కూడా ఈ వృత్తిలోని పనే. నేర్పు ఒకటే, చోటు మారింది. వంకల్లో రవ్వలు తగ్గేకొద్దీ ఈ వృత్తి కొండవాలునుంచి అంగడివీధికి జరిగిందని భావించవచ్చు.

1802లో కోలారు ప్రాంతంలో సర్వే పనిమీద ఉన్న లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఉదంతం ప్రసిద్ధం. పసుపులోహం చూపినవారికి బహుమానం ఇస్తానని అతడు ప్రకటించగా, గ్రామస్థులు బండ్ల మీద మన్ను తెచ్చి అతని ఎదుటనే కడిగి రవ్వలు తేల్చి చూపారు. మారికుప్పం వద్ద చేతిపనివారు గుంతల్లో దిగి రాళ్ళు తీసి చేతులు మార్చి పైకి అందించడం, స్త్రీలు వాటిని నూరి కడగడం అతడు స్వయంగా చూశాడు. గనుల చరిత్రల్లో ఇది వారెన్ పరిశోధనగా నిలిచింది. నిజానికి అతడు చేసింది ప్రకటన, పరిశీలన, నివేదిక. జాడ తీసినవారు, దంచినవారు, కడిగినవారు ఇతరులు. వారిలో ఒక్కరి పేరూ మిగలలేదు.

రాబర్ట్ బ్రూస్ ఫూట్ విషయం ఇంకొంత మెరుగు. దక్షిణ భారత ప్రాగైతిహాసిక అధ్యయనానికి ఆద్యుడైన ఇతడు 1874లో ధార్వాడ జిల్లా దంబళ కొండల బంగారు శిలలపై రాసినప్పుడు జలగారల పనిని లెక్కలోకి తీసుకున్నాడు. ఏ వంకలో ఎంత రజను తేలిందన్న అతని సమాచారం వారి మరిగెనుంచి వచ్చినదే. వృత్తి పేరును దాచకుండా రాయడం అతని నిజాయితీకి నిదర్శనం. వ్యక్తుల పేర్లు రాయకపోవడం ఆ కాలపు పద్ధతి. ఆనాటి భూవిజ్ఞానికి అందిన అత్యంత తేలికైన పరికరం, పక్కన నడిచే జలగారుడే.

దీన్నిబట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. ఐరోపా అన్వేషకుడు తనతో తెచ్చినది పళ్ళెం కాదు, అనుమతిపత్రం. కోలారులో మైకేల్ లవెల్ 1871 నుంచి తిరిగి, తరువాత మైసూరు ప్రభుత్వంనుంచి హక్కు పొందాడు. 1880లో జాన్ టేలర్ సంస్థ రంగప్రవేశం చేసింది. అదే కాలంలో వయనాడులో లండను మూలధనం వెల్లువెత్తి రెండుమూడేళ్ళలో చతికిలబడింది. అనంతపురం జిల్లా రామగిరిలో ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకాల్లో కంపెనీలు పనిచేసి 1927 నాటికి ఆగిపోయాయి. తరువాత భారత్ గోల్డ్ మైన్స్ అక్కడ నడిపిన గని 2001లో మూతపడింది. వీటన్నిటా మొదటి గొయ్యి ఎక్కడ తవ్వాలో నిర్ణయించినది పాతగుంతే.

నేటి జొన్నగిరి

జొన్నగిరి రాతిపట్టీలో బంగారం ఎక్కువగా పలుగురాతి చారికలలోనూ వాటిని ఆనుకొన్న శిలలోనూ అతిసన్నగా ఇమిడి ఉంది. ఇటువంటి నేలలో చేతిపనిముట్టుకు హద్దులున్నాయి. టన్నుకు ఒకటి రెండు గ్రాముల బంగారమున్న రాయి నేటి గనికి గిట్టుబాటు కావచ్చు. మరిగెలో అది కంటికి ఆనకపోవచ్చు. ఆస్ట్రేలియాలో ముద్దబంగారం పట్టిన లోహశోధక యంత్రం ఇంత సన్నని రజనుకు స్పందించదు. చేతిలో ఇమిడే ఎక్స్‌రే విశ్లేషకం కూడా ఇంత తక్కువ పాళ్ళలోని బంగారాన్ని నేరుగా పట్టలేదు. దానికి తోడుగా ఉండే ఆర్సెనిక్ వంటి మూలకాలను చూపి దారి చెబుతుంది. అందుకే నేటి భూవిజ్ఞాని కూడా వంకమట్టి నమూనాలతో మొదలుపెట్టి ఎగువకు నడుస్తాడు, ఆపైన కందకం, చివరికి డ్రిల్లు. నడక జలగడుగువానిదే, తూకం మాత్రం ప్రయోగశాలది.

ఇక్కడ జియోమైసూర్ సర్వీసెస్ సంస్థకు 2013లో సుమారు 600 హెక్టార్లకు గని లీజు లభించింది. దక్కన్ గోల్డ్ మైన్స్‌కు అందులో వాటా ఉంది. జొన్నగిరి, ఎర్రగుడి, పగిడిరాయి గ్రామాల పేర్లు ఈ సందర్భంలోనే పత్రికలకెక్కాయి. శాసనాల ఎర్రగుడి, లీజుపటంలోని ఎర్రగుడి ఒకటే.

చట్టం మరో వైపు. 1957 గనులు, ఖనిజాల చట్టంలోని నాలుగవ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా అన్వేషణ గాని, తవ్వకం గాని చేయరాదు. ఉల్లంఘనకు అయిదేళ్ళ వరకు జైలు, హెక్టారుకు 5 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే వీలు ఉంది. 2023 సవరణ లోతున ఉండే ఖనిజాలకు అన్వేషణ లైసెన్సును కొత్తగా ప్రవేశపెట్టింది. 29 ఖనిజాల ఆ జాబితాలో బంగారం ఉంది, వజ్రమూ ఉంది. ఈ లైసెన్సు వేలంద్వారా దక్కుతుంది, వేయి చదరపు కిలోమీటర్ల దాకా విస్తరించవచ్చు. మూలధనం, విమానసర్వే, డ్రిల్లు ఉన్నవారికోసం రూపొందిన నిబంధన ఇది. బ్రెజిల్, పెరూ, ఘనా, టాంజానియాల చట్టాల్లో చిన్న తరహా తవ్వకందారుకు వేరే తరగతి ఉంది. ఆ తరగతి పాదరసపు విషాన్ని, నదుల పాడును అడ్డుకోలేకపోయిన చోట్లూ ఉన్నాయి కనుక దాన్ని ఆదర్శంగా చూపనక్కర లేదు. కాని మన బంగారు చట్టంలో చేతితో కడిగేవాడు నేరస్థుడిగా తప్ప మరే రూపంలోనూ కనబడడు. వారెన్ బహుమానం ప్రకటించిన పనికి ఇప్పుడు జరిమానా ఉన్నది.

ఇంతలో తొలకరి తన పని తాను చేస్తూనే ఉంది. ఏటా తొలివానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి, మద్దికెర పొలాల్లోకి ఇరుగు పొరుగు జిల్లాలనుంచి, కర్ణాటకనుంచి జనం వజ్రాల కోసం వస్తారు. చెట్లకింద వంటలు, గుళ్ళలో నిద్ర. వజ్రానికి మరిగె కూడా అవసరం లేదు. కడిగే పని వాన చేసిపెడుతుంది. ఏటవాలు ఎండలో మెరుపు కోసం వంగి నడవడమే. విత్తనం వేసిన రైతు చేలు తొక్కుతున్నారని అడ్డుపడతాడు, వచ్చినవారు పక్క చేలోకి జరుగుతారు. ఎక్కడ వెతకాలన్న ప్రశ్నకు వారిలో ఎవరిని అడిగినా నిరుడు దొరికిన చేను వైపే చెయ్యి చూపుతారు.