గురుగ్రహపు తోక

ముప్పదియేండ్లు బడిపిల్లలకు పాఠములు చెప్పితిని. గ్రహమునకు గ్రహమునకు నడుమ నున్నది కేవలశూన్యమని నేనును బోధించితిని. అది పొరపాటు. దానిని దిద్దుకొనుటకే నేటి ప్రసంగము.

అణువులు చిట్లి ధనావేశము, ఋణావేశము గల కణములుగా విడివడిన పదార్థమునకు 1928లో లాంగ్‌మ్యూర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్లాస్మా యని పేరిడెను. సూర్యునినుండి యట్టి కణములు గాలివలె నెడతెగక వీచుచుండును. దీనిని సౌరవాత మందురు. గురుగ్రహము గొప్ప అయస్కాంతము. సౌరవాతము దాని అయస్కాంతక్షేత్రమును వెనుకకు నెట్టగా, ఏటి నడిమి బండకు దిగువను సాగు నీటిచాలువలె, సూర్యునికి ఎదురుదిక్కున తోక యొకటి సాగుచున్నది. అందులోనికి సౌరవాతము సులభముగా చొరజాలదు.

కంటికి కానరాని దానిని కొలుచుటెట్లు? వాయేజరు నౌకలలో నమర్చినవి లోహపు గిన్నెలు. గిన్నె మూతికి తీగెలజాలి యుండును. జాలికి విద్యుత్పీడనము నిచ్చినచో, వేగము చాలని కణము వెనుకకు మరలును. వేగము గలది లోనబడి సన్నని విద్యుత్ప్రవాహమును పుట్టించును. పీడనమును మెట్టుమెట్టుగా పెంచుచు ప్రవాహమును చూచినచో, ఎన్ని కణము లెంత వేగమున వచ్చుచున్నవో తెలియును. జల్లెడలు మార్చి మార్చి గింజలను వేరుచేయుట వంటిదే యిది.

1973 డిసెంబరులో పయొనీరు 10 అను నౌక గురుని దాటిపోయెను. 1976 మార్చిలో అది శనికక్ష్య సమీపమున, గురునికి సుమారు 69 కోట్ల కిలోమీటర్లు వెనుక నుండగా, సౌరవాతము దాదాపొక దినము కానరాకపోయెను. గాలి యాగినదా? యంత్రము చెడినదా? గురుని తోకయే యడ్డువచ్చినదా? ఒక్క సాక్ష్యముతో తీర్పు చెప్పరాదుగదా! 1979లో గురుని సమీపించిన వాయేజరు 2, 1981లో శనివైపు పోవుచు ఆ తోకను మార్గమధ్యమున మరల మరల తాకెను. రెండవ సాక్షి దొరకెను. తోక శనికక్ష్యవరకు సాగునను మాట నిలిచెను.

ఆ తోకలోని పదార్థ మెక్కడిది? ఐయో అను గురుని చంద్రునిపై మండుచున్న అగ్నిపర్వతములున్నవని 1979లోనే తెలిసెను. వానినుండి వెడలిన గంధకము, ప్రాణవాయువు సెకనుకు సుమారు ఒక టన్ను చొప్పున గురుని అయస్కాంతక్షేత్రమున చేరుచున్నవి. 2007లో న్యూ హొరైజన్స్ నౌక ప్లూటోకు పోవుచు, గురుని వ్యాసార్ధమునకు 2500 రెట్ల దూర మీ తోకవెంట సాగెను. ప్లాస్మా ఏకధారగా గాక ముద్దలుముద్దలుగా పారుచున్నదని దాని కొలతలు తెలిపెను.

1977లో నింగికెగసిన వాయేజరు 2 గిన్నెలు 47 ఏండ్లు పనిచేసినవి. నౌకలో విద్యుత్తు తరుగుచుండుటచే 2024లో వానిని ఆపివేసిరి. నా ఉద్యోగకాలముకంటె నది దీర్ఘమైన కొలువు. పెద్దలారా, మీ మనుమలు గ్రహముల నడుమ నేమున్నదని యడిగినచో నా పాత పాఠమును చెప్పకుడు. కొలిచి చూచినవారి మాట చెప్పుడు.