హృదయ స్తంభన: అంబులెన్స్ వచ్చేలోగా చేయవలసిన ప్రాణరక్షణ

గుండెపోటు, హృదయ స్తంభన (కార్డియాక్ అరెస్ట్) ఒకటేనన్న భావన విస్తృతంగా ఉన్నది. వైద్యశాస్త్రం ప్రకారం ఇవి వేర్వేరు స్థితులు. గుండె కండరానికి రక్తం అందించే ధమని మూసుకుపోవడం గుండెపోటు. ఈ స్థితిలో రోగి సాధారణంగా స్పృహలో ఉండి, ఛాతీనొప్పి, ఆయాసం, చెమటలు పట్టడం వంటి బాధలను చెప్పగలుగుతారు. గుండె హఠాత్తుగా రక్తాన్ని పంపు చేయడం మానివేయడం హృదయ స్తంభన. ఇందులో వ్యక్తి క్షణాల్లో స్పృహ కోల్పోతారు. గుండెపోటుతో పాటు విద్యుదాఘాతం, నీట మునగడం, తీవ్ర రక్తస్రావం కూడా ఇందుకు దారితీయవచ్చు.

నిమిషాల ప్రాధాన్యం

రక్తప్రసరణ నిలిచిన కొద్ది నిమిషాల్లోనే మెదడు కణాలు దెబ్బతినడం ఆరంభమవుతుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ప్రారంభమైన 108 సేవ అత్యవసర రవాణాను ప్రజలకు చేరువ చేసింది. అయినప్పటికీ వాహనం ఎంత వేగంగా వచ్చినా, ఆ తొలి నిమిషాల్లో రోగి చెంత ఉండేది కుటుంబసభ్యులు, సహోద్యోగులు, బాటసారులు మాత్రమే. అందువల్ల ప్రాణరక్షణ వారితోనే మొదలు కావలసి ఉంటుంది.

చేయవలసిన విధానం

పిలిచినా, భుజం తట్టినా స్పందించక, సక్రమంగా శ్వాస తీసుకోని వ్యక్తికి హృదయ స్తంభన జరిగినట్లు భావించాలి. ఎగశ్వాసను శ్వాసగా పొరబడరాదు. వెంటనే 108కి ఫోన్ చేసి, రోగిని గట్టి నేలపై వెల్లకిలా పడుకోబెట్టాలి. ఛాతీ మధ్యన రెండు అరచేతులను ఒకదానిపై ఒకటి ఉంచి, పెద్దవారిలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. శిక్షణ పొందినవారు 30 నొక్కులకు 2 సార్లు కృత్రిమ శ్వాస ఇస్తారు. శిక్షణ లేనివారు ఆపకుండా నొక్కినా ప్రయోజనకరమే. పిల్లలకు, నీట మునిగినవారికి మాత్రం కృత్రిమ శ్వాస ఎంతో ముఖ్యం.

ఛాతీని బయటినుంచి నొక్కే ఈ పద్ధతిని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ 1960లో ప్రకటించారు. గుండె లయ తప్పి కేవలం కంపించే స్థితిలో ఉంటే విద్యుత్ షాక్ అవసరం. స్వయంచాలిత డీఫిబ్రిలేటర్ (ఏ.ఇ.డి.) లయను తానే పరిశీలించి, మాటల ద్వారా సూచనలిస్తుంది.

ఆసుపత్రిలో చికిత్స

వైద్య బృందం ఛాతీని నొక్కడం కొనసాగిస్తూ, 3 నుంచి 5 నిమిషాలకొకసారి 1 మిల్లీగ్రాము అడ్రినలిన్ ఇస్తుంది. ఆక్సిజన్ లోపం, రక్తనష్టం, పొటాషియం హెచ్చుతగ్గులు, రక్తపు గడ్డలు వంటి సరిదిద్దదగిన కారణాలను అన్వేషిస్తుంది. గుండె తిరిగి కొట్టుకొన్నంత మాత్రాన చికిత్స ముగియదు. ఇంటెన్సివ్ కేర్ విభాగంలో రక్తపోటును, ఆక్సిజన్‌ను నియంత్రిస్తూ, జ్వరం రాకుండా చూస్తారు. స్పృహలోకి రాని రోగి మెదడు పరిస్థితిపై తుది అంచనాకు సాధారణంగా కనీసం 72 గంటలు వేచి ఉంటారు.

చట్ట రక్షణ

కేసుల భయంతో సహాయానికి వెనుకాడేవారు ఉన్నారు. మోటారు వాహనాల (సవరణ) చట్టం, 2019 ద్వారా చేర్చిన 134ఎ సెక్షన్, రోడ్డు ప్రమాద బాధితులకు సద్భావంతో తోడ్పడిన వారికి సివిల్, క్రిమినల్ చర్యల నుంచి రక్షణ కల్పించింది.

కార్యాలయాలు, బస్టాండ్లు, క్రీడామైదానాలలో శిక్షణ పొందిన సిబ్బంది ఎవరో, డీఫిబ్రిలేటర్ ఉన్నట్లయితే అది ఎక్కడ ఉన్నదో అందరికీ ముందుగా తెలిసి ఉండటం అవసరం. వార్తా నివేదికలలో గుండెపోటు, హృదయ స్తంభనలను వేర్వేరుగా పేర్కొనడం కూడా ప్రజల అవగాహనకు తోడ్పడుతుంది.